నీడల బోర్డు

ఆ హ్యాంగర్‌లో అడుగుపెట్టిన మొదటి గంటలోనే అతను పదమూడు మంది పెద్దవాళ్ళ చేత మూడుసార్లు గుడ్‌మార్నింగ్ చెప్పించాడు. మొదటిసారి వాళ్ళు నవ్వుతూ చెప్పారు. లైటు సరిగ్గా పడలేదన్నాడు. రెండోసారి కాస్త తక్కువ నవ్వుతూ చెప్పారు. మధ్యలో ఎవరో దగ్గారన్నాడు. మూడోసారి చెప్పేసరికి పదకొండు దాటింది. ఆ పూటే అందరూ కలిసి అతనికి రీటేక్ అని పేరు పెట్టేశారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది గానీ, అక్కడ దాని అవసరం మళ్ళీ ఎవరికీ రాలేదు.

రీటేక్‌కి ఇరవై తొమ్మిదేళ్ళు. టీవీ ఛానల్‌కి డాక్యుమెంటరీలు తీస్తాడు. అంతకుముందు దోమల మీద ఒకటి, లిఫ్టుల మీద ఒకటి తీశాడు. దోమల దానికి చిన్న బహుమతి వచ్చింది. అప్పటినుంచి నల్లచొక్కాలే వేసుకుంటున్నాడు.

ఈసారి అతనికి అప్పగించింది ఒక పాత జెట్ విమానాన్ని. ఆ దేశంలో ప్రయాణికులను మోసిన మొట్టమొదటి జెట్ అదే. ముప్పై ఒక్క ఏళ్ళు విమానాశ్రయం వెనక గడ్డిలో పడి ఉండి, చివరికి పాత ఇనుము కింద కోసేయబోతుంటే ఈ పెద్దవాళ్ళు అడ్డుపడ్డారు. తొమ్మిదేళ్ళుగా ప్రతి శని, ఆదివారం వచ్చి తోముతున్నారు, అతుకుతున్నారు, కుడుతున్నారు. ఎవరూ జీతం ఇవ్వరు. ఆ విమానాన్ని వాళ్ళు "పెద్దావిడ" అంటారు.

పెద్దావిడ మళ్ళీ ఎగరదు. ఆ సంగతి అందరికీ తెలుసు. నాలుగు ఇంజన్లూ వెలిగించి, హ్యాంగర్ గుమ్మం నుంచి గేటు దాకా తన చక్రాల మీద తాను నడిస్తే చాలని వాళ్ళ ఆశ. ఆ నడకను ఛానల్ లైవ్‌లో చూపిస్తుంది. కార్యక్రమానికి ఛానల్ వాళ్ళు పెట్టిన పేరు "మృత్యువును గెలిచిన విమానం". నిజానికి ఆ విమానంలో ఎప్పుడూ ఎవరూ పోలేదు. ఒకసారి ఒకాయనకు వాంతులయ్యాయట, అంతే.

మొదటి రోజు సాయంత్రం అయిదయింది. పెద్దవాళ్ళు చేతులు కడుక్కుని సంచులు సర్దుకుంటున్నారు. రీటేక్ కూడా కెమెరామన్ బాబాయ్‌కి సైగ చేశాడు. బాబాయ్ అతనికంటే నాలుగేళ్ళే పెద్ద. పొట్టను బట్టి ఆ వరస వచ్చింది.

"ఎవరూ ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు."

అందరూ సంచులు కింద పెట్టేశారు. ఆ మాట అన్నది, మధ్యాహ్నం వచ్చి ఒక మూల తన పని తాను చేసుకుంటున్న అమ్మాయి. గోడ దగ్గర నిలబడి ఉంది. ఆమె వెనక గోడంత తెల్లబోర్డు. దాని మీద సుత్తులు, పానాలు, స్క్రూడ్రైవర్లు వేలాడుతున్నాయి. ప్రతి పనిముట్టు చుట్టూ దాని ఆకారంలోనే ఎర్రరంగు గీత గీసి ఉంది. పనిముట్టు తీస్తే దాని నీడ మాత్రం మిగులుతుంది. అందుకే దాన్ని నీడల బోర్డు అంటారు. మొత్తం రెండువందల పన్నెండు. సాయంత్రానికి ఒక్క నీడ ఖాళీగా ఉన్నా ఇంటికి వెళ్ళడం ఉండదు.

"చిన్న స్క్రూడ్రైవర్ కనిపించడం లేదు. పసుపు పిడిది," అందామె. "అందరం వెతుకుదాం. తాతయ్యా, నువ్వు మాత్రం కూర్చో. నీకు మోకాలు నొప్పి."

తాతయ్య అంటే చీఫ్. డెబ్బై ఎనిమిదేళ్ళవాడు. పెద్దావిడ ఎగిరిన రోజుల్లో అందులో ఇంజనీరు, ఇప్పుడు ఈ గుంపుకి పెద్ద. కూర్చోమన్న చోట కూర్చునే అలవాటు ఆయనకు పుట్టుకతోనే లేదు. టార్చి తీసుకుని కుంటుకుంటూ రెక్క కిందకి దూరాడు.

"కట్ చెయ్యకు బాబాయ్. డ్రామా దానంతట అదే నడిచి వస్తోంది," అని గొణిగాడు రీటేక్.

నలభై నిమిషాలు వెతికారు. డ్రామా దొరికింది గానీ స్క్రూడ్రైవర్ దొరకలేదు. చివరికి బాబాయ్ తన లెన్సుల సంచిలో చెయ్యి పెట్టి, మొహం అదోలా పెట్టి, పసుపు పిడి బయటికి తీశాడు.

ఆమె నెమ్మదిగా రీటేక్ దగ్గరికి వచ్చింది.

"అందంగా కనిపించిందండీ," అన్నాడు రీటేక్. "కిటికీ వెలుగులో మెరుస్తుంటే ఒక షాట్ తీశాం. తర్వాత..."

"తర్వాత?"

"ఇంకో టేక్ తీశాం."

"నేను ఆపరేషన్ థియేటర్లో నర్సుని. కడుపు కుట్టేముందు కత్తెరలు లెక్కపెడతాం. ఒకటి తక్కువైతే అది ఎక్కడుంటుందో తెలుసా మీకు?"

రీటేక్ తెలియకుండానే తన పొట్ట వైపు చూసుకున్నాడు.

"ఇది విమానం కదండీ. కడుపునొప్పి రాదు."

"ఇంత చిన్న ఇనపముక్క లోపలికి పోయినా ఇంజన్ ముక్కలవుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు దాని ఎదురుగా నిలబడి సైగలు చేసేది నేను. ఆ ముక్కలు మొదట తగిలేది నాకు. ఇప్పుడు చెప్పండి, కడుపునొప్పి ఎవరికి?"

రీటేక్ బాబాయ్ చేతిలోంచి పసుపు పిడి తీసి ఆమెకిచ్చాడు. పెద్దవాళ్ళందరూ తనివితీరా చూశారు. పొద్దుట నుంచి వాళ్ళకు దొరికిన మొదటి వినోదం అది.

ప్రేమ ఆ క్షణంలోనే పుట్టిందని తర్వాత అతను అందరికీ చెప్పుకున్నాడు. పచ్చి అబద్ధం. ఆ క్షణంలో పుట్టింది ఒళ్ళుమంట. దానికి తోడు దారిలోనే ఛానల్ మేడమ్ నుంచి ఫోనొచ్చింది.

"ఇందులో విలన్ ఎవరు?" అందావిడ.

"తుప్పు, మేడమ్."

"తుప్పుకి మొహం ఉండదు. మొహం ఉన్న విలన్ కావాలి."

ఆఫీసుకి వెళ్ళగానే రీటేక్ ఆ రోజు తీసినదాంట్లోంచి ముప్పై సెకన్ల ప్రోమో కోశాడు. నర్సమ్మ, అంటే హ్యాంగర్‌లో అందరూ ఆ అమ్మాయిని పిలిచే పేరు అది, "ఎవరూ ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు" అనడం ఉంచాడు. "నువ్వు మాత్రం కూర్చో" అన్నది తీసేశాడు. వెంటనే చీఫ్ కుంటుకుంటూ రెక్క కిందకి పాకడం. వెనక గుండెలదిరే డప్పులు. మేడమ్‌కి పంపితే, అద్భుతంగా ఉంది, లైవ్‌కి వారం ముందు వేద్దాం అని దాచిపెట్టింది. రీటేక్ కంప్యూటర్ మూసేసి హాయిగా భోంచేశాడు.

రెండో వారం నుంచి రీటేక్‌కి హ్యాంగర్‌లో కొత్త నియమం వచ్చింది. నర్సమ్మ ఒక కాగితం చేతిలో పెట్టింది.

"మీ సామాను మీరు లెక్క రాసుకోండి. వచ్చేటప్పుడు ఎన్ని, పోయేటప్పుడు ఎన్ని. మీవి నా బోర్డు మీద ఉండవు, నాకు సంబంధం లేదు. పోతే మాత్రం చంపేస్తాను."

రీటేక్ బుద్ధిమంతుడిలా రాసి తెచ్చాడు. ఆమె పైనుంచి కిందదాకా చదివింది.

"నలభై ఒకటో నంబరు... బాబాయ్?"

"తప్పిపోతే షూటింగ్ ఆగిపోతుందండీ."

ఆమె నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంది. అది కూడా సరిగ్గా ఆపుకోలేకపోయింది. ఆ రోజు రీటేక్ తీసిన షాట్లన్నీ కాస్త ఎడమవైపుకి ఒరిగిపోయాయి, ఎందుకంటే ఎడమవైపున బోర్డు ఉంది.

"నువ్వు విమానాన్ని తీస్తున్నావా, గోడని తీస్తున్నావా?" అన్నాడు బాబాయ్.

"కాంపోజిషన్ బాబాయ్. నీకు తెలీదు."

"నాకు తెలీదు గానీ, ఆ లోపల సీట్లు కుట్టే పిన్నికి తెలిసిపోయింది. పొద్దున్నే నీ జీతం ఎంతని అడిగింది."

కుట్టు పిన్ని ఒకప్పుడు టైలర్. విమానంలోని తొంభై ఆరు సీట్లకూ కొత్త గుడ్డ వేసే పని తన మీద వేసుకుంది. ఎనభై రెండు అయ్యాయి. సూదితో కుట్టే పని ఎంత నెమ్మదో, మనుషుల్ని కలిపికుట్టే పని అంత చురుకు.

నాలుగో వారం వాన వచ్చింది. వచ్చిందంటే మామూలుగా కాదు, హ్యాంగర్ రేకుల మీద కంకర దింపినట్టు వచ్చింది. మాటలు రికార్డు చేయడం కుదరదని బాబాయ్ కెమెరాకు గొడుగు పట్టి, తను నిద్రకు పడ్డాడు. రీటేక్ విమానంలోకి ఎక్కాడు. ఏడో వరసలో నర్సమ్మ ఒక్కతే కూర్చుని కిటికీ అద్దం తుడుస్తోంది. వెనక ఎక్కడో కుట్టు పిన్ని ఉందిగానీ, వాళ్ళిద్దరూ ఒక వరసలోకి వచ్చేసరికి ఆవిడకు ఉన్నట్టుండి దారం అయిపోయింది, దిగి వెళ్ళిపోయింది.

"కూర్చోవచ్చా?"

"టికెట్ ఉందా?"

"టీవీవాళ్ళం. మాకు టికెట్ అడగరు."

"అందుకే అలా తయారయ్యారు. కూర్చోండి."

అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. రేకు కారి రెక్క మీద పడుతున్న చుక్కలు తప్ప బయట ఏమీ కనిపించడం లేదు. అయినా రీటేక్ శ్రద్ధగా చూస్తున్నాడు, ఎందుకంటే ఆమె మొహం దాటితే గానీ కిటికీ రాదు.

"సెలవు రోజులన్నీ ఇక్కడే గడుపుతారు. ఎందుకు?"

"ఇది ఇంటర్వ్యూనా?"

"కెమెరా నిద్రపోతోంది."

ఆమె గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ విమానం చివరిసారి దిగిన రోజు నాలుగు ఇంజన్లూ ఆపింది తాతయ్యే. ఆపిన చేత్తోనే మళ్ళీ వెయ్యాలని ఆయన కోరిక. ఇంకేం అడగడు. ఆ చెయ్యి ఇప్పుడు వణుకుతోంది, మీరు చూశారో లేదో. పోయినేడాది కప్పు పట్టుకునేవాడు. ఇప్పుడు గ్లాసు సగమే పొయ్యమంటున్నాడు. వచ్చే ఏడాదికి స్విచ్ దగ్గరకి చెయ్యి వెళ్తుందో లేదో. అందుకే నాకు తొందర. అందుకే నాకు చాదస్తం కూడా. ఒక్కసారే స్టార్ట్ చేస్తాం. అది సరిగ్గా జరగాలి."

అలవాటు కొద్దీ రీటేక్ నోరు తెరుచుకుంది.

"ఈ మాటే కెమెరా ముందు ఇంకోసారి చెప్తారా?"

"చెప్పను. ఒకసారి చెప్పింది ఒకసారే."

అతను తల ఊపాడు. బతికిన ఇరవై తొమ్మిదేళ్ళలో రెండోసారి అడగకుండా ఊరుకోవడం అదే మొదలు. నిజంగా ప్రేమ పుట్టింది అప్పుడు, ఆ ఏడో వరసలో. అది అతనికీ తెలిసింది.

"ఫ్లాస్కులో కాఫీ ఉంది. తాగుతారా?"

"మూత మీ లెక్కలో రాశారా?"

"పద్దెనిమిదో నంబరు."

"అయితే పొయ్యండి."

ఆ తర్వాత మూడు వారాలు బాగా గడిచాయి. ఎంత బాగా అంటే, రీటేక్ నల్లచొక్కా మానేసి నీలంది వేసుకొచ్చాడు. నర్సమ్మ నీలం బాగుందనలేదు. నలుపు బాగాలేదని మాత్రం అంది. చీఫ్ ఇంజన్ గురించి చెప్పే పాఠాల్లో "మా మనవరాలికి ఏం ఇష్టమంటే" అన్న మాట ఏ సంబంధమూ లేకుండా దొర్లడం మొదలైంది. ఆపేసే సైగ కూడా ఆయనే నేర్పాడు. రెండు చేతులూ తల మీద అడ్డంగా పెడితే అర్థం ఒకటే, ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి.

రీటేక్ మొదటి వారం ఎడిట్ చేసినవన్నీ పారేసి మళ్ళీ కోశాడు. అందరినీ మర్యాదగా చూపించాడు. తనెంత మారిపోయాడో చూసుకుని తనకే ముచ్చటేసింది. మేడమ్ దగ్గర ఉండిపోయిన ఆ ముప్పై సెకన్లు మాత్రం ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

లైవ్‌కి వారం ముందు, సోమవారం నుంచి ఆ ప్రోమో గంటకోసారి వచ్చింది. డప్పులతో సహా.

శనివారం నర్సమ్మ హ్యాంగర్‌కి వచ్చి తిన్నగా అతని ముందు నిలబడింది.

"మొన్న థియేటర్లో బల్ల మీద పడుకున్న పేషెంటు నన్ను గుర్తుపట్టాడు. 'మీరు ఆ ముసలాయన్ని పాకించే అమ్మాయి కదూ' అన్నాడు. వేరే నర్సు ఉంటేనే మత్తు ఇప్పించుకుంటానన్నాడు. ఉద్యోగంలో చేరిన ఆరేళ్ళలో నన్ను ఎవరూ బయటికి పంపలేదు. మొన్న పంపారు."

"ఛానల్ వాళ్ళు..." అని మొదలుపెట్టాడు రీటేక్.

ఆమె కళ్ళలోకి చూసేసరికి ఆ వాక్యం ముందుకు వెళ్ళలేదు.

"కాదు. కోసింది నేనే," అన్నాడు. "మొదటి రోజు. కోపంలో. తర్వాత... అది అక్కడ ఉందన్న సంగతే మర్చిపోయాను."

"మర్చిపోయారు."

"నిజంగా మర్చిపోయానండీ."

"లోపల పెట్టారు, కుట్టేశారు, మర్చిపోయారు," అందామె. గొంతు పెంచలేదు. "మా వాళ్ళెవరైనా ఆ పని చేస్తే మళ్ళీ థియేటర్ గడప తొక్కనివ్వరు. మీరు షూటింగ్ చేసుకోండి. ఈ నడక అందరూ చూడాలని తాతయ్యకి ఉంది. నాతో మాత్రం మాట్లాడకండి."

రీటేక్ అక్కడే నిలబడి మేడమ్‌కి ఫోన్ చేశాడు. ఆ ప్రోమో ఆపమని బతిమాలాడు. "ఎంతమంది చూస్తున్నారో తెలుసా?" అని ఆవిడ ఒక అంకె చెప్పి పెట్టేసింది.

చీఫ్ వచ్చి భుజం తట్టాడు. "నేనూ చూశాను. కుంటడం చాలా సహజంగా వచ్చింది," అన్నాడు. తర్వాత నవ్వు తీసేసి, "నన్నేమన్నా పర్లేదయ్యా. దాన్ని అనకుండా ఉండాల్సింది," అన్నాడు. ఆయన పక్కనుంచి వెళ్తూ కుట్టు పిన్ని చేతిలో సూది రీటేక్ మోచేతికి తగిలింది. పొరపాటున తగిలిందంది. పొరపాటు రెండుసార్లు జరిగింది.

ఆదివారం లైవ్. ఇంజన్లు పదింటికి స్టార్ట్ చేయాలి.

ఎనిమిదింటికి నర్సమ్మ నిచ్చెన వేసుకుని నాలుగు ఇంజన్ల నోళ్ళలోకీ టార్చి వేసి చూసింది. బోర్డు లెక్కపెట్టింది. రెండువందల పన్నెండు. సంతకం పెట్టింది. ఆమె ఒప్పుకున్నాకే బాబాయ్ రెండో ఇంజన్ నోట్లో కెమెరా పెట్టి, లోపలినుంచి బయటికి ఒక షాట్ తీశాడు. రీటేక్ లెక్క చూసుకున్నాడు. నలభై ఒకటి. అంతా సవ్యంగా ఉంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు.

ఎనిమిదీ నలభైకి మబ్బు విడిపోయింది. ఎండ ఏటవాలుగా హ్యాంగర్‌లోకి పడింది.

"బాబాయ్, అదే షాట్ ఇంకొక్కటి."

"ఆ అమ్మాయికి చెప్పావా?"

"ఆమె నాతో మాట్లాడదుగా. రెండే నిమిషాలు."

రెండు నిమిషాల్లోనే తీశారు. షాట్ బంగారంలా వచ్చింది.

పదికి అయిదు నిమిషాలు ఉందనగా రీటేక్ చేతులు ఊరికే ఉండలేక మళ్ళీ కాగితం తీశాడు. ఏడు వారాలుగా అదొక జబ్బు అయిపోయింది. ట్రైపాడ్ ఉంది. మైకులు ఉన్నాయి. ఫ్లాస్కు మూత ఉంది. బాబాయ్ ఉన్నాడు. మొత్తం నలభై.

మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై.

"బాబాయ్. పెద్ద లెన్స్ మూత ఏది?"

బాబాయ్ ఒక జేబు చూసుకున్నాడు. రెండోది చూసుకున్నాడు. "వ్యాన్‌లో ఉంటుందిలే."

"ఉందా, ఉంటుందా?"

బాబాయ్ మళ్ళీ మొదటి జేబు చూసుకున్నాడు.

"రెండు నిమిషాల్లో లైవ్," అంది చెవిలోని ఇయర్‌ఫోన్‌లోంచి మేడమ్. "ఈసారి నాకు కన్నీళ్ళు కావాలి."

రీటేక్ పైకి చూశాడు. అద్దం వెనక చీఫ్ కూర్చుని ఉన్నాడు. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన చెయ్యి స్విచ్‌ల దగ్గర ఉంది. ఎదురుగా, రెండో ఇంజన్‌కి నేరుగా, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నర్సమ్మ నిలబడి ఉంది. మూత వ్యాన్‌లోనే ఉండవచ్చు. నూటికి తొంభై పాళ్ళు అక్కడే ఉంటుంది. ఇప్పుడు ఆపితే ఉద్యోగం పోతుంది. ఆపాక అది వ్యాన్‌లో దొరికితే పరువు కూడా పోతుంది. ఆపకపోతే ఎవరికీ ఏమీ తెలియదు, ఆ మిగిలిన పది పాళ్ళు ఆమెకు తగిలేదాకా.

లైవ్ మొదలైంది. రీటేక్ కెమెరా ముందుకు పరిగెత్తి, పెద్దావిడ ముక్కు ఎదురుగా నిలబడి, రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడు.

స్విచ్ దగ్గర చెయ్యి ఆగింది.

"ఎవరూ ఇంటికి వెళ్ళడానికి వీల్లేదు," అన్నాడు రీటేక్. గట్టిగా అనలేదు గానీ, మైకు పని చేస్తోంది కాబట్టి దేశమంతా వినిపించింది. "నా లెన్స్ మూత ఒకటి కనిపించడం లేదు."

చెవిలో మేడమ్ ఏమందో ఇక్కడ రాయడం బాగోదు. రీటేక్ చెవిలోది పీకి జేబులో పెట్టుకున్నాడు.

నర్సమ్మ హెడ్‌ఫోన్స్ తీసి వచ్చింది. మాట్లాడవద్దన్న తర్వాత మొదటిసారి అతనితో మాట్లాడింది.

"చివరిసారి ఎక్కడ చూశారు?"

"రెండో ఇంజన్ నోటి దగ్గర."

"ఎనిమిదింటికి నేను చూశాను. అక్కడేమీ లేదు."

"ఎనిమిదీ నలభైకి..." అతను తల దించుకున్నాడు. "మీకు చెప్పకుండా ఇంకో టేక్ తీశాం."

ఆమె నిచ్చెన వేయించి ఎక్కింది. ఇంజన్ నోట్లోకి నడుము దాకా వంగి టార్చి వేసింది. కిందున్న పెద్దవాళ్ళందరూ నిచ్చెన చుట్టూ చేరారు. చాలాసేపటికి వెనక్కి వచ్చింది. చేతిలో అరచేతంత నల్లమూత. నల్లటి అంచు మీద నల్లగా పడి ఉంది, ఎదురుగా నిలబడి చూసినా కనిపించదు.

దిగుతూ ఆమె నిచ్చెన చివరి మెట్టు మీదే కూర్చుండిపోయింది. ఆమెకు ఏమై ఉండేదో తలుచుకుని రీటేక్ ఎదురుగా నేల మీద కూలబడ్డాడు.

"చెప్పకుండా ఉండొచ్చుగా," అందామె.

"లెక్క తగ్గిందండీ," అన్నాడు. అంతకంటే గొప్ప డైలాగు అతనికి దొరకలేదు.

ఈలోగా ఛానల్ లైవ్ ఆపేసి, జుట్టు రాలకుండా ఏం చేయాలో చెప్పే కార్యక్రమం వేసింది. నాలుగు నోళ్ళూ మళ్ళీ చూసి, బోర్డు మళ్ళీ లెక్కపెట్టేసరికి పదకొండున్నర అయింది. దేశం జుట్టు గురించి తెలుసుకుంటుండగా, చీఫ్ వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని మొదటి స్విచ్ వేశాడు.

మొదట ఈల. తర్వాత దగ్గు. తర్వాత నేల అదిరింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పెద్దావిడ ఒక్కసారి ముందుకు ఊగి, ఇంకా కుట్టని రెండు సీట్లతో సహా, గుమ్మం దాటి ఎండలోకి నడిచింది. గేటు దాకా వెళ్ళి ఆగింది. కుట్టు పిన్ని పైటతో కళ్ళు తుడుచుకుంది. రీటేక్ తుడుచుకోకుండానే ఏడ్చాడు. మేడమ్ కోరిన కన్నీళ్ళన్నీ వచ్చాయి, చూడ్డానికి ఆవిడ లేదు.

బాబాయ్ కెమెరా దించాడు. "బాగానే పడింది. ఇంకోటి కావాలా?"

"వద్దు బాబాయ్. చాలు."

మధ్యాహ్నం పన్నెండింటికి మేడమ్ ఫోన్ చేసి ఉద్యోగం పోయిందని చెప్పింది. మూడింటికి మళ్ళీ చేసింది. అతను చేతులు అడ్డంగా పెట్టిన ముక్కను జనం ఫోన్లలో తిప్పుతున్నారట.

"నాకు విలన్ దొరికాడు," అంది సంబరంగా. "నువ్వే. 'దర్శకుడి నిర్లక్ష్యం, తృటిలో తప్పిన ప్రమాదం' అని కొత్త ప్రోమో వేస్తున్నాం. డప్పులు అవే."

"వెయ్యండి మేడమ్. ఆమెది తీసేయండి. ఆమె మొదటి రోజు మాట పూర్తిగా, డప్పులు లేకుండా నా ఎపిసోడ్‌లో వస్తుంది. అలా అయితేనే ఇవాళ తీసిన నడక మీకిస్తాను."

ఆవిడ ఒప్పుకుంది. సోమవారం నుంచి రీటేక్ మొహం గంటకోసారి వచ్చింది. ఇంటి కింద షాపువాడు అతన్ని గుర్తుపట్టి, సామాను ఇచ్చాక సంచి రెండుసార్లు చూసుకోమన్నాడు.

శనివారం సాయంత్రం అయిదింటికి రీటేక్ హ్యాంగర్‌కి వచ్చాడు. షూటింగ్ అయిపోయింది, కెమెరా లేదు, బాబాయ్ లేడు. వీడ్కోలు చెప్పి పోదామని వచ్చాడు. దారి పొడవునా తయారుచేసుకున్న నాలుగు మంచి వాక్యాలు బోర్డు చూడగానే ఎగిరిపోయాయి.

పసుపు పిడి స్క్రూడ్రైవర్ పక్కన కొత్తగా ఒక ఎర్రటి గీత ఉంది. గుండ్రంగా, అరచేతంత. రంగు ఇంకా తడిగా మెరుస్తోంది. మధ్యలో చిన్న మేకు.

నర్సమ్మ చెయ్యి చాపింది. "నీ మూత ఇలా ఇవ్వు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని గ్రహించడానికి అతనికి కాస్త టైము పట్టింది.

"నా సామాను మీ బోర్డు మీద ఉండదన్నారుగా."

"అప్పుడు నువ్వు పరాయివాడివి. నేను లెక్కపెట్టేది మా వాటినే." ఆమె బోర్డు వైపే చూస్తూ చెప్పింది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "నా మీద అబద్ధం కోశావు. దానికి నీ మీద ఇంకా కోపం ఉంది, చాలా రోజులుంటుంది. కానీ మొన్న నీకు కావలసినవన్నీ పోతాయని తెలిసీ చేతులెత్తావు. అలాంటివాడు ఎక్కడో తప్పిపోతే నాకు నిద్రపట్టదు."

"అంటే..."

"సాయంత్రం అయిదింటికి ఇది ఇక్కడ ఉండాలి. లేకపోతే నేను ఇంటికి వెళ్ళను."

"రోజూనా?"

"శని, ఆదివారాలు. మిగతా రోజుల సంగతి తాతయ్యతో మాట్లాడుకో."

కుర్చీలో కూర్చుని, నిజంగానే కూర్చుని, మోకాలు రాసుకుంటున్న చీఫ్ తలెత్తాడు. "ఆ రంగు నేనే తెచ్చిచ్చాను. విమానం రెక్కలకు వేసేది. గీకినా పోదు, కడిగినా పోదు. బాగా ఆలోచించుకుని తగిలించు."

రీటేక్ ఆలోచించలేదు. జేబులోంచి మూత తీసి మేకుకు తగిలించాడు. వేలికి ఎర్రరంగు అంటింది. గీత లోపల నల్లమూత సరిగ్గా సరిపోయింది.

"నువ్వంటే నాకు ప్రాణం," అన్నాడు. నాలుగు వాక్యాల్లో మిగిలింది అదొక్కటే.

"తెలుసు. కాస్త పక్కకి జరుగు, లెక్కపెట్టాలి."

వెనక పెద్దవాళ్ళందరూ సంచులు భుజాన వేసుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె పైవరస నుంచి మొదలుపెట్టి వేలితో చూపిస్తూ కిందదాకా వచ్చింది. గుండ్రటి గీత దగ్గర వేలు ఒక్క క్షణం ఆగింది.

"రెండువందల పదమూడు. అన్నీ ఉన్నాయి."

"ఇంకోసారి చెప్పవా?" అన్నాడు రీటేక్.

కుట్టు పిన్ని నెత్తి కొట్టుకుంది. నర్సమ్మ అతని వైపు తిరిగింది. ఒకసారి చెప్పింది ఒకసారే అంటుందని అందరూ అనుకున్నారు.

"అన్నీ ఉన్నాయి," అంది రెండోసారి, ఈసారి అతన్నే చూస్తూ.

పెద్దవాళ్ళు ఇళ్ళకు బయలుదేరారు.